తల్లి స్కానింగ్ చూసి ఎంఆర్ఐ చదువుతానంటోంది: పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నా భార్యకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ స్రవించే చిన్న కణితి ఉంది. స్కానింగ్ కోసం వాళ్లమ్మను నెల్లూరు తీసుకెళ్లి వచ్చినప్పటి నుంచి, ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ చేస్తానంటోంది. ఆ పనులన్నీ ఇక ఏఐ చేస్తుందని, ఆరు నెలల మెడికల్ ఏఐ కోర్సు నయమని బంధువులు అంటున్నారు. రేడియేషన్ వల్ల రేపు పెళ్లికి, పిల్లలకు ఇబ్బంది అవుతుందేమోనని కూడా భయంగా ఉంది. ఏది మేలు?

జవాబు: ఈ భయంతో నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు కనుక ముందు దాని సంగతే చెబుతాను. ఎంఆర్ఐ అయస్కాంతంతోనూ రేడియో తరంగాలతోనూ పనిచేస్తుంది; అందులో ఎక్స్‌రేలు ఉండవు. డిగ్రీలో ఎక్స్‌రే, సీటీ విభాగాల్లోనూ పని నేర్చుకోవాలి, నిజమే. అయితే అక్కడ సీసపు రక్షణ, సోకిన మోతాదును లెక్కగట్టే బ్యాడ్జీ ఉంటాయి.

ఏఐ విషయంలో నాకున్న సందేహాన్ని దాచుకోను. 2016లో ఏఐకి బాటలు వేసిన జెఫ్రీ హింటన్ అంతటి శాస్త్రవేత్తే, స్కాన్‌లు చదివి రోగం చెప్పే డాక్టర్లైన రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయవచ్చని, ఐదేళ్లలో యంత్రమే వారిని మించుతుందని అన్నారు. ఆ గడువు దాటినా వారి అవసరం పోలేదు. పైగా ఏఐ చదివేది ఒకరు తీసి ఇచ్చిన చిత్రాన్ని. పిట్యూటరీ బఠాణీ గింజంత గ్రంథి. 10 మిల్లీమీటర్ల లోపు కణితిని మైక్రోఅడినోమా అంటారు. పిట్యూటరీ కణితి వల్ల ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ పెరిగిపోయే కుషింగ్ వ్యాధిలోనైతే హార్మోన్ పరీక్షలు వ్యాధి ఉందని చెబుతున్నా స్కాన్‌లో కణితి కనబడని సందర్భాలున్నాయి. అందుకే పలుచని పొరలుగా చిత్రిస్తూ, చిత్రంలో తేడా స్పష్టంగా తెలిసేందుకు నరంలోకి గాడోలినియం మందు ఎక్కించిన తొలి ఒకటి రెండు నిమిషాల్లో వెంటవెంటనే చిత్రాలు తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి మందును త్వరగా అందుకుని మెరుస్తుంది, కణితి ఆలస్యంగా అందుకుంటుంది కనుక ఆ కొద్ది వ్యవధిలోనే నల్లగా బయటపడుతుంది. తరువాత రెండూ ఒకే తీరుగా కనిపించి అది మరుగున పడవచ్చు. రోగి తల కదిపినా, మందు వేళ తప్పినా, చిత్రంలో లేని కణితిని ఏ సాఫ్ట్‌వేరూ వెతికి పట్టలేదు. ఈ పనితనం కంప్యూటర్ ముందు ఆరు నెలలు కూర్చుంటే రాదు. అలాంటి కోర్సు చేసి, ఆసుపత్రి ముఖం చూడకుండానే మళ్లీ నా దగ్గరకు వచ్చిన పిల్లలున్నారు. ఏఐని ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. తల్లి పక్కన నిలబడి, చూసి, ఆలోచించి నిర్ణయించుకున్నది మీ అమ్మాయి. ఆమె మాటకు లేని విలువ, ఆ గది గడప తొక్కని బంధువుల మాటకు మీ ఇంట్లో ఎందుకు దక్కాలి?

బీఎస్సీతో ఆమె రేడియాలజిస్టు కాదు. దానికి ఎంబీబీఎస్, ఆపైన పీజీ కావాలి. మొదట్లో జీతం కూడా తక్కువే. కాలేజీ ఎంచుకునేటప్పుడు అనుబంధ ఆసుపత్రిలో సొంత ఎంఆర్ఐ యంత్రం ఉందా, విద్యార్థులను దాని దగ్గర నిజంగా పని చేయనిస్తారా అని సీనియర్లనే అడగండి.

మీ భార్య గురించి కూడా దిగులు పడకండి. ప్రొలాక్టిన్ కణితులు ఎక్కువ మందిలో మాత్రలతోనే తగ్గుతాయి. ఆమెను మళ్లీ స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడి టెక్నీషియన్‌తో ఓ పావుగంట మాట్లాడనివ్వండి.