పొదుగు పెట్టెలో వేడి ఎంత ఉండాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: థర్మకోల్ పెట్టెలో 60 వాట్ల బల్బు, డబ్ల్యూ1209 థర్మోస్టాట్ (వేడిని బట్టి బల్బును వెలిగించి ఆర్పే చిన్న బోర్డు) పెట్టి ఇంక్యుబేటర్ తయారు చేసుకున్నాను. ఫ్యాను లేదు. వేడి 37.5 డిగ్రీలకు సెట్ చేశాను. 30 నాటుకోడి గుడ్లకు తొమ్మిదే పిల్లలయ్యాయి, అవీ 23వ రోజున. పొట్టలు ఉబ్బి, లేచి నిలబడలేకపోయాయి. 39 పెట్టమని ఒకరు, అసలు మార్చొద్దని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి?
– పెందుర్తి పాఠకుడు

జవాబు: ఆలస్యంగా రావడం, పొట్ట ఉబ్బడం, నీరసం... ఈ మూడూ కలిసి కనిపిస్తే వేడి చాలలేదనే అర్థం. వేడి ఎక్కువైతే తీరు వేరుగా ఉంటుంది: 19, 20 రోజులకే పెంకు పగులుతుంది, పిల్ల చిన్నదిగా ఉంటుంది, బొడ్డు సరిగా మూసుకోదు. అంటే డిస్‌ప్లే మీద 37.5 కనిపించినా మీ గుడ్లకు ఆ వేడి అందలేదు. అది ఎక్కడ పోయిందో చూశాకే అంకె జోలికి వెళ్లాలి.

మొదట ఫ్యాను. 37.5 సెల్సియస్ (99.5 ఫారెన్‌హీట్) అన్నది లోపల గాలి తిరిగే పెట్టెకు చెప్పిన లెక్క. ఫ్యాను లేని పెట్టెలో వేడి గాలి మూత కింద చేరుతుంది, అడుగు చల్లగా ఉండిపోతుంది. అలాంటి పెట్టెలో గుడ్డు పైభాగం ఎత్తున కొలిచి 38.3 నుంచి 38.9 మధ్య ఉంచాలి. మీకు 39 చెప్పినవారు బహుశా ఈ లెక్కే మనసులో పెట్టుకున్నారు. అయినా మా మాట వింటే వేడి పెంచకండి, ఫ్యాను పెట్టండి. పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల 80 మిల్లీమీటర్ల ఫ్యాను చాలు. గాలి నేరుగా గుడ్ల మీద కొట్టకూడదు. బల్బు మీదుగా గోడకు తగిలి తిరిగి రావాలి.

రెండోది, చాలామంది చూడనిది, థర్మోస్టాట్ లోపలి సెట్టింగు. డబ్ల్యూ1209లో సెట్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది. అది 'హెచ్'లో ఉండాలి. 'సి'లో ఉంటే చల్లబరిచే యంత్రానికి పనికొచ్చే పద్ధతిలో నడుస్తుంది, సెట్ చేసిన అంకెకన్నా వేడి తక్కువ ఉన్నంతసేపూ బల్బు వెలగదు, గుడ్లకు వేడే అందదు. తర్వాత పీ1. కొత్త బోర్డులో ఇది 2 మీద ఉంటుంది. అంటే 37.5 దగ్గర ఆరిన బల్బు 35.5కి దిగేదాకా మళ్లీ వెలగదు. సగటున మీ గుడ్లకు అందింది 36.5 అటూ ఇటూ. పిల్లలు 23వ రోజుకి రావడానికి ఇదొక్కటే చాలు. పీ1ని 0.3 చేయండి. 0.1 చేస్తే రిలే (బోర్డు మీద బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చు) టకటకా కొట్టుకుంటూ త్వరగా పోతుంది.

మూడోది సెన్సర్ నిజం చెబుతోందా అన్నది. ఫ్లాస్కులో 38 డిగ్రీల పైచిలుకు గోరువెచ్చని నీళ్లు పోసి, సెన్సర్ లోహపు మొన, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ మొన కలిపి పట్టుకుని ముంచండి. నీళ్లు కలుపుతూ ఉండండి. జ్వరం థర్మామీటర్‌లో ఎక్కిన అంకె మళ్లీ దిగదు కాబట్టి, అది బీప్ అన్న క్షణంలోనే బోర్డు మీద అంకె రాసుకోవాలి. ఆర్పి, మళ్లీ వేసి ఇంకో రెండుసార్లు చూడండి. థర్మామీటర్ 38.0, బోర్డు 37.4 అంటే తేడా 0.6. దాన్ని పీ4లో (సెన్సర్ తేడాను సరిదిద్దే సెట్టింగు) కలపండి. బోర్డు ఎక్కువ చూపిస్తే మైనస్ పెట్టండి.

ఇక సెన్సర్ వేలాడే చోటు. గుడ్డు పైభాగం ఎత్తులో, గుడ్డుకు తగలకుండా, బల్బు కాంతి నేరుగా పడకుండా ఉండాలి. 60 వాట్ల బల్బు ఒకటి తీసి 40 వాట్లవి రెండు ప్యారలల్‌గా పెడితే, ఒకటి మాడిపోయినా బ్యాచ్ మొత్తం పోదు. ఎల్‌ఈడీ బల్బులకు తగినంత వేడి రాదు, వాటి జోలికి పోకండి. ఇదంతా అయ్యాక ఖాళీ పెట్టెను ఒక రోజంతా నడిపి, అంకె నిలకడగా ఉంటేనే గుడ్లు పెట్టండి. చల్లటి గుడ్లు పెట్టగానే వేడి పడిపోతుంది, కంగారుపడి సెట్టింగు పెంచొద్దు. ఆఖరి మూడు రోజులు 37.2 చాలు, అప్పటికి పిల్లల ఒంటి వేడి కూడా తోడవుతుంది.

ప్రశ్న: వేడి సరిగానే ఉంది, థర్మామీటర్లు రెండు పెట్టి చూశాను. మొదటి రోజు నుంచీ ట్రే నిండా నీళ్లు ఉంచుతున్నాను. ఆగస్టులో పెట్టిన గుడ్లలో పిల్లలు పూర్తిగా ఎదిగి, పెంకు కాస్త పొడిచి లోపలే చనిపోయాయి. పగలగొడితే లోపల నీరు నీరుగా ఉంది.
– భీమిలి పాఠకురాలు

జవాబు: ఆ ట్రే నీళ్లే కారణం. పుస్తకాల్లో నీళ్లు పెట్టమనేది పొడి ప్రాంతాలను చూసి. మన సముద్రం ఒడ్డున వానాకాలంలో బయటి గాలి 28 డిగ్రీల దగ్గర 80 శాతం తేమతో ఉంటే, అదే గాలి పెట్టెలో 37.5కి వేడెక్కాక సుమారు 47 శాతం అవుతుంది. మొదటి 18 రోజులకు కావలసింది 45 నుంచి 55. అంటే నీళ్లు పెట్టకుండానే సరిపోతోంది! మీరు ఆపైన ట్రే పెట్టేసరికి గుడ్డులోని నీరు బయటకు పోలేదు, గుడ్డు మొద్దు వైపున ఉండే గాలి గది పెరగలేదు, పిల్లకు ఊపిరి తీసుకునే చోటు దొరకలేదు. జనవరిలో మాత్రం ఇదే భీమిలిలో రాత్రి 20 డిగ్రీలు, 70 శాతం ఉంటే పెట్టెలో 25 శాతమే మిగులుతుంది. అప్పుడు నీళ్లు తప్పనిసరి. తేమను నిర్ణయించేది నీటి లోతు కాదు, గిన్నె మూతి వెడల్పు. తేమ పెంచాలంటే వెడల్పు గిన్నె పెట్టండి.

తేమ కొలిచే చవక హైగ్రోమీటర్ల కన్నా వంటింటి డిజిటల్ కాటా నమ్మదగినది. గుడ్డు 18 రోజుల్లో 11 నుంచి 13 శాతం బరువు తగ్గాలి. 50 గ్రాములది 44 దగ్గరికి రావాలి. పెట్టేటప్పుడు పది గుడ్లు తూచి పెన్సిలుతో బరువు రాసి, వారానికోసారి మళ్లీ తూచండి. ఏడో రోజుకు 50 గ్రాములది 47.5 దగ్గర ఉంటే దారి సరిగానే ఉంది. 49 ఉంటే నీళ్లు తీసేయండి, గాలి రంధ్రాలు పెంచండి. 18వ రోజు తర్వాత గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65 నుంచి 70కి పెంచాలి. అప్పుడు మూత ఊరికే తెరవొద్దు.

ప్రశ్న: కోడి, బాతు, కౌజు పిట్ట గుడ్లు ఒకే పెట్టెలో పెట్టొచ్చా?
– మధురవాడ పాఠకుడు

జవాబు: పెట్టొచ్చు. వేడి అన్నిటికీ 37.5 చాలు. తేడా రోజుల్లోనే: బాతుకు 28, కోడికి 21, కౌజుకు 17 నుంచి 18. బాతు గుడ్లు ముందు పెట్టి, వారానికి కోడివి, పదో రోజున కౌజువి చేర్చితే అన్నీ దాదాపు ఒకేసారి పగులుతాయి. ఆఖరి మూడు రోజుల తేమ అప్పుడు అన్నిటికీ కలిసొస్తుంది.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు గుడ్లను ఎలా కాపాడాలి?
– గాజువాక పాఠకురాలు

జవాబు: చల్లబడటం కన్నా వేడెక్కడమే ప్రమాదం. 35 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంటే ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, అంతే. 40.5 దాటితే పావుగంట కూడా నష్టమే. కాబట్టి మూత తెరవకండి, పెట్టె మీద దుప్పటి కప్పండి. మొదటి రెండు వారాల్లో గాలి రంధ్రాలు సగం మూయొచ్చు. ఆఖరి వారంలో మూయకూడదు, లోపలి పిల్లలకు గాలి కావాలి. కరెంటు గంట దాటితే గుడ్డలో చుట్టిన వేడి నీళ్ల సీసా ఒకటి గుడ్లకు తగలకుండా మూలన పెట్టండి. కరెంటు వచ్చాక లోటు పూడ్చాలని సెట్టింగు పెంచొద్దు. పొదుగు కొన్ని గంటలు వెనకబడుతుంది, 23వ రోజు దాకా గుడ్లు పారేయకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పెట్టెను దానికే కలపండి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే ఒక 60 వాట్ల బల్బు పెట్టె సగం రోజు పైనే నడుస్తుంది. తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటాక చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు, దానికి ఏ బ్యాటరీ చాలదు. అక్టోబరు, నవంబరుల్లో హెచ్చరిక వినిపిస్తే కొత్త బ్యాచ్ పెట్టకండి. ఇప్పటికే నడుస్తున్న గుడ్లుంటే, దగ్గర్లో ఎవరింట్లోనైనా పొదుగుకొచ్చిన నాటు పెట్ట ఉందేమో ముందే కనుక్కోండి. ఒక్కో పెట్ట కింద పది, పన్నెండు పెట్టొచ్చు, అదీ చీకటి పడ్డాక పెడితే లేచిపోదు.