ప్లేటు ముందున్నప్పుడే చెప్పండి

బయటి భోజనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, మా నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఆ సంతోషంలో ఇంటిల్లిపాదినీ జడ్చర్ల దగ్గర హైవే మీదున్న ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. అప్పటికి సాయంత్రం నాలుగవుతోంది. మటన్ బిర్యానీ పైన పొగలు కక్కుతోంది, లోపల చల్లగా ఉంది. ముక్క నమలలేక నాన్న పక్కన పెట్టేశారు. పనీర్ బటర్ మసాలా, చికెన్ కర్రీ, మష్రూమ్ కర్రీ మూడూ ఒకే రుచి. పైగా బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. 'మంచి రోజు గొడవెందుకు బిడ్డా' అని నాన్న ఆపితే మాట్లాడకుండా కట్టేసి వచ్చాను. ఇంటికొచ్చాక ఆయన చారన్నం కలుపుకొని తిన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తోంది. ఇప్పుడేమైనా చేయొచ్చా?
– ఒక టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: చెల్లీ, రిటైరైన రోజు మీ నాన్న ఇంటికొచ్చి చారన్నం తిన్నారని చదివి నా మనసూ చివుక్కుమంది. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాలాకాలం మెస్ నడిపినదాన్ని కాబట్టి వంటగది వైపు నుంచి చెబుతాను.

మన ఊళ్లలో చాలా హోటళ్లు మధ్యాహ్న భోజనాలకు ఒక హండీ, రాత్రికి ఇంకో హండీ దించుతాయి. నాలుగింటికి వెళ్లినవాళ్లకు వచ్చేది అడుగున మిగిలిందే. ప్లేటుకు సరిపడా తీసి, నీళ్లు చిలకరించి, పెనం మీద అటూ ఇటూ తిప్పి తెస్తారు. అందుకే పైన పొగ, లోపల చల్లదనం. మెతుకులు విరిగి ముద్దకట్టినా, మసాలా ఎండిపోయి నూనె మాత్రం ప్లేటు అంచుకు చేరినా అది మధ్యాహ్నం హండీ అని అనుకోవచ్చు. ఇక మటన్ సరిగ్గా ఉడక్కపోతే ఆ పెనం మీద రెండు నిమిషాల్లో మెత్తబడదు, పైపెచ్చు ఆరిపోయి గట్టిపడుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందే 'కొత్త హండీ ఎప్పుడు తీస్తారు?' అని అడగండి. ఏడింటికి అంటే ఆ పూటకు రోటీ, వేపుడు చెప్పుకోండి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఈ ప్రశ్న తప్పనిసరిగా అడగాలి.

మూడు కూరలూ ఒకే రుచి ఎందుకంటే, మెనూలో పేజీలకు పేజీల పేర్లున్నా లోపల ఉండేది ఉల్లి, టమాటా గ్రేవీ ఒకటి, జీడిపప్పు తెల్ల గ్రేవీ ఒకటి. పనీర్ వేస్తే ఒక పేరు, చికెన్ వేస్తే ఇంకో పేరు, పైన క్రీమ్ పోస్తే మరో పేరు. అంత పెద్ద మెనూ చూస్తే నాకు నమ్మకం కలగదు. సర్వర్‌ని పిలిచి 'ఇక్కడ రోజూ ఎక్కువగా పోయేది ఏంటి తమ్ముడూ' అని అడగండి. ఎక్కువ పోయేదే తాజాగా ఉంటుంది.

సర్వీస్ ఛార్జ్ మీరు కట్టాల్సిన పని లేదు. బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని, ఇంకో పేరుతో కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. 'ఇది తీసేసి బిల్లు మళ్లీ కొట్టండి' అంటే చాలు, గొంతు పెంచక్కర్లేదు. జీఎస్టీ వేరే సంగతి, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం ఉంటుంది. అయితే కాంపోజిషన్ పద్ధతిలో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. ఆ మాట వాళ్ల బిల్లు మీదే రాసి ఉండాలి, ఒకసారి చూసుకోండి.

ఇప్పుడేం చేయొచ్చంటే, బిల్లు ఉంటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.

కానీ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. రెండు ముద్దలు తినగానే ప్లేటు వెనక్కి పంపండి. వెనక్కి వచ్చిన ప్లేటు నేరుగా వంటమాస్టర్ కంటపడుతుంది, అతను వేరేది చేసి ఇవ్వగలడు. తిన్నాక కౌంటర్ దగ్గర చెప్పేది క్యాషియర్ దాటి లోపలికి వెళ్లదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్‌లో రాసే రివ్యూ వంటగదిలో ఎవరూ చదవరు. గొడవెందుకని మనం ఊరుకుంటే రేపు ఆ టేబుల్ దగ్గర ఇంకొకరి నాన్న కూర్చుంటారు. పోట్లాడమని కాదు, మర్యాదగా, ముక్క చూపించి చెప్పండి.

ప్రశ్న: సూర్యాపేట దగ్గర ఏసీ రెస్టారెంట్‌లో వాటర్ బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నారు. కేసు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: కూర్చోబెట్టి వడ్డించే చోట కేసు నిలవదు. హోటళ్లు, రెస్టారెంట్లలో ఎమ్మార్పీకే అమ్మాలన్న నిర్బంధం లేదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకైతే ఇది నచ్చలేదు, కానీ తీర్పు తీర్పే. బాటిల్ మూత తీయకముందే జగ్గులో మంచినీళ్లు అడగండి.

ప్రశ్న: అక్కా, ఫ్రెండ్స్‌తో మా ఊరి బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్లి కొర్రమట్ట (కొర్రమీను) చేప ఫ్రై చెప్పాం. తింటుంటే సన్న ముళ్లు గొంతుకు అడ్డంపడ్డాయి. రేటు మాత్రం కొర్రమట్టదే. మోసపోయామా?
– ఒక యువకుడు, మిర్యాలగూడ

జవాబు: నూటికి తొంభై పాళ్లు మోసమే తమ్ముడూ. కొర్రమట్టకు నడుమ వెన్నుముల్లు, దాని పక్కముళ్లు తప్ప కండలో దాగిన సన్న ముళ్లుండవు. దానికి అంత రేటు రావడానికి అదీ ఒక కారణం. వై ఆకారంలో చీలిన సన్న ముళ్లు బొచ్చె, రవ్వ లాంటి చేపలవి. కొర్రమట్ట ఒళ్లు గొట్టంలా ఉంటుంది కాబట్టి అడ్డంగా కోస్తే ముక్క గుండ్రంగా వస్తుంది. బొచ్చె ముక్క పొడుగ్గా, పొట్ట దగ్గర చీలి ఉంటుంది. బోన్‌లెస్ అయితే పిండి, కారం కింద ఏ చేపో కనిపెట్టడం మీ వల్ల కాదు, కాబట్టి ముల్లుతోనే అడగండి. మామూలు చెరువు చేపను మన తెలంగాణ రాష్ట్ర చేప పేరుతో, దాని రేటుకే మనకు అంటగట్టడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. అడిగింది ఒకటైతే ఇంకొకటి అమ్మినవాళ్లకు 2006 ఆహార భద్రత చట్టం 50వ సెక్షన్ కింద 5 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఈసారి అనుమానం వస్తే మిగిలిన ముక్కను ముల్లు కనిపించేలా ఫొటో తీసి, బిల్లుతో పాటు జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి ఇవ్వండి. బిల్లు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ ఉండాలి, ఫిర్యాదుకు అదీ కావాలి.

బార్ బిల్లులో ఇంకొకటి కూడా చూడండి. మద్యం మీద జీఎస్టీ లేదు. తిండికి, మందుకు కలిపి మొత్తం మీద 5 శాతం వేశారేమో లెక్క చూసి, డబ్బు ఇవ్వకముందే దిద్దించుకోండి.