గోల్డ్ రెసిడెన్షియల్: ఆ ఐదు రోజులు మన పిల్లల జట్టుతో కాదు

ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లయిన ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి ఇయర్ 12లో (16-17 ఏళ్ల పిల్లల తరగతి) ఉంది. యువతకిచ్చే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు (డీఓఎఫ్‌ఈ)లో పై స్థాయి అయిన గోల్డ్ మొదలుపెట్టింది. అందులో ఇంటికి దూరంగా ఉండే భాగం, రెసిడెన్షియల్ కోసం మన తెలుగు పిల్లలు ఆరుగురినీ కలిపి వేల్స్‌లో ఒక కాటేజీ తీసుకుందామనుకుంటున్నాం. ఇద్దరు తల్లులం తోడుంటాం. సరిపోతుందా?"

సరిపోదండీ. మా పెద్దవాడప్పుడు నాకూ ఇలాంటి ఆలోచనే వచ్చింది కాబట్టి మీ భయం నాకు తెలుసు. కానీ రెసిడెన్షియల్ పెట్టిందే మీరనుకుంటున్న దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని కోసం. ఇంటికి దూరంగా, ఎక్కువమంది ముఖపరిచయం కూడా లేనివాళ్లున్న బృందంలో చేరి, అందరూ కలిసి ఏదో ఒక పని చేయాలి. కనీసం ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు. స్నేహితురాలు ఒకరు వెంట ఉంటే తప్పులేదు గానీ, తెలిసినవాళ్లే జట్టుగా వెళ్తే అది విహారయాత్ర అవుతుంది.

చాలామంది దీన్ని ఎక్స్‌పెడిషన్‌తో కలిపేసుకుంటారు. గుడారాలు మోసుకుని నాలుగు రోజులు, మూడు రాత్రులు తిరిగేది ఎక్స్‌పెడిషన్, దానికి తెలిసిన జట్టుతోనే వెళ్తారు. 1956లో ప్రిన్స్ ఫిలిప్ మొదలుపెట్టిన ఈ అవార్డులో బ్రాంజ్‌కీ సిల్వర్‌కీ రెసిడెన్షియల్ ఉండదు, గోల్డ్‌కే ఉంటుంది. అందుకే అన్నలు, అక్కలు సిల్వర్ చేసిన ఇళ్లలో కూడా దీని గురించి తెలియదు.

ఏం ఎంచుకోవాలన్నది మీరు కాదు, అమ్మాయే చెప్పాలి. అడవిలో దారులు బాగుచేయడం, అంగవైకల్యం ఉన్న పిల్లల సెలవు శిబిరంలో సాయం చేయడం, తెరచాప ఓడలో పనివాళ్లతో పాటు పనిచేయడం, భాషా కోర్సు, వంట కోర్సు అన్నీ ఉన్నాయి. డబ్బు బాగా పోసి కొనే ప్యాకేజీయే మంచిదనుకోకండి. స్వచ్ఛందంగా పనిచేసే చోట్ల కొన్నిట్లో తిండి, బస వాళ్లే చూసుకుంటారు, నా దృష్టిలో పిల్లలు ఎక్కువ నేర్చుకునేదీ అక్కడే. పిల్లలతో పనిచేసే శిబిరమైతే డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందేమో చూసే తనిఖీ) అడగొచ్చు, అది పూర్తవడానికి టైమ్ పడుతుంది కాబట్టి ముందే కదలండి.

డబ్బు కట్టకముందు మాత్రం స్కూల్లో డీఓఎఫ్‌ఈ చూసే లీడర్‌ని అడిగి, సరే అని రాతపూర్వకంగా తీసుకోండి. మేం ఆ పని చేయలేదు. ఒక కోర్సు ప్రకటనలో 'గోల్డ్‌కు అనుకూలం' అని ఉంటే నమ్మి కట్టేశాం. తీరా లెక్కపెడితే మూడు రాత్రులే. వాడు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, వేసవి సెలవుల్లో సగం దానికే పోయింది. ఆ బాధ మీకొద్దు.

ఇంకొకటి, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లల ఇళ్లకు ముఖ్యమైనది. ఓడ ఇంగ్లండ్‌లో బయలుదేరినా, దారిలో ఫ్రాన్స్ రేవులో ఆగితే షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి. బెల్‌ఫాస్ట్ యూకేలోదే, డబ్లిన్ వేరే దేశం, ఐర్లండ్‌ది కాబట్టి దానికి వేరే వీసా కావాలి. వెళ్లే దారి మొత్తం అడిగి తెలుసుకున్నాకే బుక్ చేయండి. రైలుకైతే 16-17 సేవర్ అనే రాయితీ కార్డు తీసుకుంటే చాలా టికెట్లు సగం ధరకే వస్తాయి.

ఫారంలో 'వెజిటేరియన్' అని రాసి వదిలేయకండి. ఇక్కడ ఆ మాటకు గుడ్డు తింటారనే అర్థం. గుడ్డు తినకపోతే ఆ సంగతి విడిగా రాయండి. అలర్జీలు, మందులు, ఆస్తమా ఇన్‌హేలర్ ఏవీ దాచకండి. మన ఇళ్లలో పిల్లల ఆందోళన, డిప్రెషన్ గురించి ఫారంలో రాయడానికి జంకుతారు. రాయండి, రాత్రిపూట పక్కనుండే పెద్దవాళ్లకు ఆ విషయం తెలియడం పిల్లకే మంచిది. శిబిరంలో రాత్రి బాధ్యత ఎవరిది, ఆడపిల్లల గదులు ఎలా విడగొడతారు, పిల్లల భద్రత విధానం ఏమిటి అని మీరు అడగొచ్చు. అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

రోజుకు మూడుసార్లు ఫోన్ చేయాలని మాత్రం పట్టుబట్టకండి. మొదటి రాత్రి మావాడు ఏడుపు గొంతుతో మాట్లాడాడు. నేను కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాను, మా ఆయన ఆపారు. మూడో రోజుకు ఫోన్ రానేలేదు, వంటగదిలో గిన్నెలు తోముతూ అక్కడి పిల్లలతో పాటలు పాడుతున్నాడట.

ఇయర్ 12 వేసవిలో కుదరకపోతే టెన్షన్ పడొద్దు, 25వ పుట్టినరోజు లోపు అవార్డు మొత్తం పూర్తిచేస్తే చాలు. యూనివర్సిటీ సెలవుల్లో వెళ్లేవాళ్లూ ఉన్నారు. చివరి రోజు బస్సెక్కకముందే అక్కడి బాధ్యుల్ని అసెసర్ రిపోర్టు (పిల్ల ఎలా చేసిందో అక్కడి పెద్దవాళ్లు రాసిచ్చేది) గురించి అడగమని అమ్మాయికి చెప్పండి. అది ఇంట్లోవాళ్లు రాయడానికి వీల్లేదు, నెలల తర్వాత అడిగితే ఆ మనిషి అక్కడ ఉండకపోవచ్చు.