వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తూ తెలుగులో జనం కోసం రాస్తే కెరీర్ దెబ్బతింటుందా?

ప్రశ్న అడిగినవారు కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నారు. వాతావరణ మార్పుల మీద పీహెచ్‌డీ చేయాలని, దాంతోపాటు మామూలు జనానికి అర్థమయ్యేలా తెలుగులో రాయాలని ఉందట. "రాసేవాళ్లను సైన్స్‌లో ఎవరూ సీరియస్‌గా తీసుకోరని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా?" అని అడిగారు.

నేనూ ఆ క్యాంపస్‌లోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. మాది ములుగు వైపు ఊరు. ఇంట్లో పత్తి, కొద్దిగా మిర్చి వేస్తారు. పుణేలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో రుతుపవనాల మీద పనిచేస్తున్నాను. 2017 నుంచి తెలుగులో రాస్తున్నాను. మీ సీనియర్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. రాయడం వల్ల నేను ఒక ఉద్యోగం పోగొట్టుకున్నానని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నా పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పని కూడా ఆ రాతల వల్లే వచ్చింది.

నా మొదటి పెద్ద వ్యాసం "వరంగల్‌లో వాన తగ్గిందా?" అన్నది. భారత వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి రోజువారీ వర్షపాతం లెక్కలు ఉన్నాయి. దేశాన్ని పావు డిగ్రీ గళ్లుగా, అంటే ఇంచుమించు 25 కిలోమీటర్ల చదరాలుగా విడగొట్టి ఇస్తారు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆ లెక్కలు తీసుకుని, ఏడాది మొత్తం వాన చూసి, ఏటా వచ్చే హెచ్చుతగ్గులే చాలా ఎక్కువని, వాటి మధ్య ఒక దారి పట్టుకుని తగ్గిందనో పెరిగిందనో చెప్పడం కష్టమని రాశాను. నాలుగు గ్రాఫులు కూడా పెట్టాను. లెక్కలో తప్పు లేదు.

వారం తర్వాత నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన నా నంబర్ సంపాదించి ఫోన్ చేశారు. ఆయన అన్న మాటలు నా డైరీలో రాసుకున్నాను: "బిడ్డా, నువ్వు రాసింది తప్పంటలేను. కానీ ఏడాది లెక్క నేనేం జేసుకోవాలె? మృగశిరల వాన పడ్డదని గింజలు పెట్టిన. మొలకొచ్చినంక పద్దెనిమిది రోజులు చుక్క రాలలే. మల్ల గింజలు కొన్న, మల్ల పెట్టిన. ఆఖరికి రెండు పెద్ద వానలు కొట్టినయ్, మీ కాయితంల మంచి వానలే అని వస్తది. మరి ముసురు ఏమైపోయింది బిడ్డా?"

ముసురు అన్న మాటతో చిన్నప్పటి ఇల్లు కళ్ల ముందుకొచ్చింది. మూడు నాలుగు రోజులు మొగులు విడవకుండా, పెద్దగా కొట్టకుండా, సన్నగా కురుస్తూనే ఉండేది. అమ్మ బట్టలన్నీ పొయ్యి దగ్గర ఆరేసేది. ఆ నీళ్లు పరిగెత్తి వాగులో కలవవు, నేలలోకి ఇంకుతాయి. పత్తి మొలకకు కావాల్సింది అదే. ఆరేళ్లు రుతుపవనాల మీద పీహెచ్‌డీ చేసిన నేను ఆ మాటను ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోలేదు. పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేదు.

దాన్ని అంకెల్లో ఎలా పట్టుకోవాలి? వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తే అది వాన పడిన రోజు. 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షం. వరుసగా కనీసం మూడు రోజులు వాన పడి, అందులో ఏ రోజూ భారీ వర్షం దాకా వెళ్లకపోతే దాన్ని ముసురు అనుకుందాం అని ఒక నిర్వచనం పెట్టుకున్నాను. ఒక ముసురుకూ ఇంకో ముసురుకూ మధ్య ఎన్ని పొడి రోజులు, అవి విత్తనం పెట్టిన వెంటనే వస్తున్నాయా అని ఉత్తర తెలంగాణ గళ్లన్నీ చూడటం మొదలుపెట్టాను. అది తర్వాత ఒక పేపర్ అయింది. దాని కృతజ్ఞతల్లో ఆ పెద్దాయన పేరు ఉంది.

దేశం మొత్తం మీద కూడా ఇలాంటి ప్రశ్నే పెద్ద ఫలితాలను ఇచ్చింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి తీవ్ర వర్షాల ఘటనలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలు అయ్యాయని తేలింది. అదే కాలంలో అక్కడ రుతుపవనాల మొత్తం వాన మాత్రం తగ్గింది. ఏడాది మొత్తం ఒక్కటే చూసేవాళ్లకు ఈ తేడా కనపడదు. రాక్సీ కూడా జనం కోసం తరచూ రాస్తారు, మాట్లాడతారు. ఆయనను సైన్స్‌లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఇక నష్టం సంగతి. 2018లో ఒక సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లాను. బోర్డులో ఒకాయన నా బయోడేటాలో తెలుగు వ్యాసాల జాబితా చూసి, "ఈ టైంలో ఇంకో రెండు పేపర్లు రాసుకోవచ్చు కదా" అన్నారు. మిగతా అరగంటా నా పరిశోధన మీద ఒక్క లోతైన ప్రశ్న కూడా రాలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఎనిమిది నెలలు జీతం లేకుండా హన్మకొండలో అక్కావాళ్లింట్లో ఉన్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఆ బాధ చిన్నది కాదు కాబట్టి మీకు దాచకుండా చెబుతున్నాను. అప్పుడే ఒక నిర్ణయం తీసుకున్నాను: వారంలో ఆరు రోజులు పరిశోధన, ఆదివారం ఉదయం రాత. ఇప్పటికీ అదే పాటిస్తున్నాను. పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు మీరు నెలకు ఒక్కటి రాస్తే చాలు. ముందు లెక్క చేయడం చేతికి రావాలి.

రాతలో బాధ్యత ఎంత ఉంటుందో నాకు 2023 జూలైలో తెలిసింది. 27వ తేదీ ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. తెలంగాణలో అంతకు ముందు రికార్డు 2013 జూలైలో వాజేడులో కురిసిన 517.5. 204.5 మిల్లీమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ దాన్ని అన్నిటికంటే పై తరగతి వర్షంగా లెక్కపెడుతుంది. ఇది దానికి మూడింతలకు పైనే. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి. అమ్మ ఫోన్ తెల్లవారుజామున నాలుగింటికి కలిసింది. చెరువు కట్ట మీది నుంచి నీళ్లు పోతున్నాయని చెప్పి కట్ చేసింది. మళ్లీ సాయంత్రం దాకా లైన్ కలవలేదు.

ఆ రోజంతా జనం అడిగింది రెండే ప్రశ్నలు: ఇది క్లౌడ్ బరస్టా? ఇది వాతావరణ మార్పా? నేను రాసింది ఇది. క్లౌడ్ బరస్ట్ అంటే ఒక చిన్న ప్రాంతంలో గంటలో 100 మిల్లీమీటర్ల వాన. రోజు మొత్తం లెక్కను బట్టి ఆ మాట అనలేం, గంటగంటకూ ఎంత పడిందో చూడాలి. రెండోది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కాబట్టి పెద్ద వానలు ఇంకా పెద్దవయ్యే వీలు పెరుగుతోంది. కానీ ఫలానా వానలో వేడెక్కడం వాటా ఎంత అని చెప్పాలంటే, మనిషి వదిలిన వాయువులు ఉన్న ప్రపంచాన్నీ, లేని ప్రపంచాన్నీ కంప్యూటర్ మోడల్‌లో పోల్చి చూడాలి. అది ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు.

ఒక టీవీ ఛానల్ ఇందులో పెద్ద వానలు ఇంకా పెద్దవవుతాయన్న ముక్క ఒక్కటే తీసుకుని, ములుగు జిల్లా ఇక మనుషులు ఉండటానికి పనికిరాదని శాస్త్రవేత్త హెచ్చరించినట్టు స్క్రోలింగ్ వేసింది. మా ఊళ్లో పక్కింటి మామ అమ్మ దగ్గరికి వచ్చి "వదినా, భూమి అమ్ముకుందామా?" అని అడిగాడట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పటి నుంచి టీవీ, పత్రికలవాళ్లకు ఫోన్‌లో జవాబు చెప్పను, రాసే ఇస్తాను. నా వ్యాసాల్లో కూడా "ఇది కచ్చితంగా తెలుసు" అన్నదీ "ఇది అనుకుంటున్నాం" అన్నదీ వేర్వేరు పేరాల్లో పెడతాను, ఎవరు కత్తిరించినా అర్థం తారుమారు కాకుండా.

ఫిజిక్స్ నుంచి ఇటు రావచ్చా అని కూడా అడిగారు. నిస్సంకోచంగా రండి. రుతుపవనాల శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ హార్వర్డ్‌లో అనువర్తిత గణితంలో పీహెచ్‌డీ చేసి వచ్చారు. బెంగళూరు ఐఐఎస్సీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల కేంద్రాన్ని నిలబెట్టినవారిలో ఆవిడ ముఖ్యులు. అనంతపురం ప్రాంతపు వేరుశనగ రైతులు ఎప్పుడు విత్తితే నష్టం తక్కువో వాన లెక్కలతో కలిపి చూశారు. నాసాలో వాతావరణ పరిశోధన చేసే గొడార్డ్ సంస్థకు 2014లో డైరెక్టర్ అయిన గావిన్ ష్మిట్ కూడా గణితం చదివినవారే. ఆయన 2004 నుంచి జనం ప్రశ్నలకు నేరుగా జవాబులు రాస్తున్నారు. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ అనే శాస్త్రవేత్తల సంఘం వాతావరణ విషయాలు జనానికి వివరించినందుకు ఇచ్చే బహుమతి, ఇవ్వడం మొదలుపెట్టిన 2011లోనే ఆయనకు వచ్చింది. రాత ఆయన పరిశోధనకు అడ్డం రాలేదు.

దారి సంగతి క్లుప్తంగా చెబుతాను. పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపర్ ఉంది, ఫిజిక్స్ పేపర్‌తో కూడా తీసుకుంటారు. అందులో నెగ్గినవారికి ఇచ్చే ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు. పుణే ఉష్ణమండల వాతావరణ సంస్థ, బెంగళూరు ఐఐఎస్సీ, ఢిల్లీ ఐఐటీతో పాటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల కూడా చూడండి. ఈ ఏడాదే పైథాన్, లైనక్స్ నేర్చుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. పూర్తిగా శాస్త్ర సంబంధమైన రాతకు వాటిలో ముందస్తు అనుమతి అక్కర్లేదు, ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం మాత్రం వేరే సంగతి. చేరినరోజే ఆ నియమాలు చదవండి.

మొన్న మే నెలలో నర్సంపేట పెద్దాయన మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి వాన గురించి కాదు. "పగటి ఎండ ఎప్పుడూ ఉన్నదే బిడ్డా. రాత్రి రెండింటికి గూడ రేకుల కింద పండుకోలేకపోతున్నం. బర్రె మేత ముడుతలేదు. రాత్రి వేడి మీరు కొలుస్తరా?" అన్నారు. కొలుస్తాం. హన్మకొండ, రామగుండం కేంద్రాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత రోజూ రాస్తారు. కానీ ఆ థర్మామీటర్ ఆరుబయట, గాలి ఆడే తెల్ల పెట్టెలో, నీడలో ఉంటుంది. రేకుల ఇంట్లో రాత్రి ఎంత ఉందో అది చెప్పదు. ఆ పని నేను ఇంకా మొదలుపెట్టలేదు. మీకు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంశం కావాలంటే, ఏప్రిల్, మే నెలల్లో ఒక ఊళ్లో పది ఇళ్లు ఎంచుకుని, తనంతట తానే నమోదు చేసుకునే చిన్న థర్మామీటర్లు పెట్టండి. సగం రేకుల ఇళ్లు, సగం పెంకుటిళ్లు ఉండాలి. మొదటి థర్మామీటర్ తన ఇంట్లో పెట్టుకోవచ్చని ఆయన అప్పుడే చెప్పారు.