మంచం పక్కన పిస్టల్ పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలి?

మీ ప్రశ్న ఇది: ఇంటి రక్షణ కోసం లైసెన్సు తీసుకుని పిస్టల్ కొన్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. బీరువాలో పెట్టి తాళం వేస్తే అవసరానికి అందదు, తలగడ దగ్గర పెడితే పిల్లల గురించి టెన్షన్. మధ్యే మార్గం ఉందా అని అడిగారు.

ఉంది. మంచం దగ్గర పెట్టుకోవచ్చు. కానీ తాళం ఉన్న ఉక్కు పెట్టెలో మాత్రమే, అది కూడా ఆ పెట్టెను కదలకుండా బిగించాకే. సొరుగు, పరుపు కింద, దిండు కింద, అలమర పై అర, ఇవేవీ పనికిరావు. నా దగ్గర చాలా ఏళ్లుగా పిస్టల్ ఉంది, మా పిల్లలు దానితో పాటే ఒకే ఇంట్లో పెరిగారు. ఆ అనుభవంతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

"ఎక్కడ పెట్టానో పిల్లలకు తెలియదులే" అనే నమ్మకం చాలామందికి ఉంటుంది. అమెరికాలో తుపాకీ ఉన్న ఇళ్ల తల్లిదండ్రులనూ పిల్లలనూ విడివిడిగా ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. తుపాకీ ఉన్న చోటు మా పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది విషయంలో పిల్లలు తమకు తెలుసనే చెప్పారు. మావాడు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదన్న వాళ్లలో 22 శాతం మంది పిల్లలు ముట్టుకున్నామన్నారు. దాచిపెట్టిన పండగ బట్టలు వెతికి పట్టుకునే వయసు మీ బాబుది. వాడికి దొరకని సొరుగు ఇంట్లో ఉండదు.

పాప చిన్నది కదా, వేళ్లలో అంత బలం ఎక్కడిది అనుకోకండి. పిల్లలు మనలా పట్టుకోరు. పిస్టల్ గొట్టాన్ని తమ వైపు తిప్పుకుని, వెనక పిడిని నాలుగు వేళ్లతో చుట్టి, రెండు బొటనవేళ్లతో ట్రిగ్గర్ నొక్కుతారు. చాలా పిస్టళ్లకు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు. రెండు బొటనవేళ్లకు అది పెద్ద పని కాదు. పైగా అప్పుడు గొట్టం ఎటు చూస్తోందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇక మీ అసలు భయం, తాళం తీసే లోపల ఆలస్యం అవుతుందని. నాకు దీని గురించి గట్టి అభిప్రాయం ఉంది. ఆ రెండు మూడు సెకన్లు మనకు కావాలి. గాఢ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మనిషికి చేతులు ముందు కదులుతాయి, బుర్ర తరువాత పని చేస్తుంది. ఎక్కడున్నాం, ఎదురుగా ఉన్నది ఎవరు అనేది అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది, పూర్తిగా తేరుకోవడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. కోడ్ గుర్తు తెచ్చుకుని సరిగ్గా నొక్కగలిగామంటే కనీసం ఆ మాత్రం మెలకువ వచ్చినట్టు. అది కూడా నొక్కలేని స్థితిలో ఉన్న చేతికి పిస్టల్ అందకపోవడమే మంచిది. ఇంట్లో ఎవరైనా నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్లయినా, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లయినా ఇది ఇంకా ముఖ్యం. జోల్పిడెమ్ లాంటి మాత్రలు వేసుకున్నవాళ్లు పూర్తిగా మెలకువ లేకుండానే నడవడం, కారు నడపడం లాంటివి చేసిన కేసులు ఉన్నాయి. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఆ మందులకు తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను తగిలించింది. అలాంటి మందు వాడేవాళ్ల మంచం పక్కన, వాళ్లకు కోడ్ తెలిసిన పెట్టె కూడా వద్దని నా మాట.

మా తమ్ముడు కొంతకాలం మాతోనే ఉండేవాడు, రాత్రి డ్యూటీలు. ఒకరోజు ఒంట్లో బాగాలేక తెల్లవారుజామున ముందే వచ్చేశాడు. మమ్మల్ని లేపడం ఎందుకని చెప్పులు చేత్తో పట్టుకుని, లైటు వేయకుండా అడుగులో అడుగు వేసుకుంటూ హాల్లోకి వచ్చాడు. నాకు మెలకువ వచ్చింది. పెట్టె మీద చెయ్యి పెట్టాను కానీ తెరవలేదు, ముందు "ఎవరది?" అని గట్టిగా అరిచాను. "నేనే అన్నయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం: రాత్రి ఆలస్యంగా గానీ, అనుకున్నదాని కంటే ముందుగా గానీ వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరి నుంచే ఫోన్ చేయాలి, లోపలికి వస్తూ లైటు వేయాలి. నిద్ర చెడుతుందని ఎవరూ మొహమాటపడకూడదు. మీ ఇంట్లో కూడా ఈ మాట ముందే అనుకోండి.

పెట్టె సంగతికి వద్దాం. నేను వాడేది ఐదు బటన్ల మెకానికల్ తాళం ఉన్నది. బ్యాటరీ ఉండదు, లైటు వెలగదు, కీచుమని శబ్దం రాదు. వెయ్యికి పైగా కాంబినేషన్లు పెట్టుకోవచ్చు. కంపెనీ నుంచి వచ్చిన కోడ్ అన్ని పెట్టెలకూ ఒకటే కాబట్టి తెచ్చిన రోజే మార్చేయాలి. బటన్లు వరుసలో ఉంటాయి కాబట్టి చీకట్లో చూపుడు వేలితో చివరి బటన్ తడిమి, అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి తప్పు నొక్కితే పెట్టె తాళం పిడిని వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే ఎంత నొక్కినా తెరుచుకోదు. ఈ చిన్న విషయం చేతికి అలవాటు కాకపోతే అవసరమైన రాత్రి చెమటలు పడతాయి. అందుకే అప్పుడప్పుడు లైటు ఆర్పేసి, పెట్టెలో పిస్టల్ లేనప్పుడు, పడుకున్న చోటి నుంచే ఒంటి చేత్తో తెరవడం ప్రాక్టీస్ చేస్తాను. ఎడమ చేత్తో కూడా.

వేలిముద్రతో తెరుచుకునేవి చూడటానికి సులువుగా ఉంటాయి. కానీ తడి వేలు, పగిలిన చర్మం, రాసుకున్న క్రీము, వీటిలో ఏదున్నా మొరాయిస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 2023 అక్టోబరులో అమెరికాలో సుమారు 61,000 బయోమెట్రిక్ తుపాకీ పెట్టెలను ఒక కంపెనీ వెనక్కి పిలిపించింది. వేలిముద్ర సరిగ్గా నమోదు కాకపోతే ఆ పెట్టెలు ఎవరి వేలు పెట్టినా తెరుచుకునేవి, వాడేవాళ్లేమో నమోదైందనే అనుకునేవారు. అలా తెరుచుకున్న పెట్టెలోని తుపాకీతో పన్నెండేళ్ల బాబు చనిపోయాడని కోర్టులో దావా కూడా పడింది. మీరు వేలిముద్ర పెట్టెనే కొనాలనుకుంటే, మీ ముద్ర నమోదు చేశాక ఇంట్లో మిగతా అందరి వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి.

కొనేముందు ఖాళీ పెట్టెకు తాళం వేసి బాగా ఊపండి, పిడికిలితో పైన గుద్దండి, కాస్త ఎత్తు నుంచి దిండు మీద పడేయండి. చవకరకం ఎలక్ట్రానిక్ పెట్టెల్లో లోపలి గడియ ఆ కుదుపుకే ఎగిరి తలుపు తెరుచుకుంటుంది. పిల్లలు తెరవలేని తుపాకీ పెట్టెలకు ఏఎస్‌టీఎం ఎఫ్2456 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం పరీక్షించినదైతే మేలు.

ఇప్పుడు బిగించడం గురించి. చిన్న పెట్టెను బిగించకుండా వదిలేస్తే దొంగ దాన్ని చంకలో పెట్టుకుపోయి తీరిగ్గా పగలగొట్టుకుంటాడు. పడకగదిలో మంచం పక్కనే వాళ్లు మొదట వెతికేది. పెట్టె అడుగున రంధ్రాలు ఉంటాయి, లోపలి నుంచి బోల్టులు వేసి గట్టి చెక్కకో గోడకో బిగించాలి. తెరిస్తే తప్ప బోల్టు విప్పడానికి వీలుండకూడదు. అద్దె ఇల్లయితే, గోడకు రంధ్రాలు కుదరకపోతే, పెట్టెతో వచ్చే ఉక్కు కేబుల్‌ను మంచం చట్రానికి చుట్టి కట్టండి. కేబుల్‌ను కట్టర్‌తో తెంచవచ్చు కాబట్టి బోల్టులంత నమ్మకం ఉండదు, అయినా ఏమీ లేకపోవడం కంటే నయం. నా పెట్టె మంచం పట్టీకి లోపలివైపు, పడుకుని చెయ్యి కిందకు వేలాడేస్తే తగిలే ఎత్తులో ఉంది. పిస్టల్ పిడి చేతికి వచ్చేలా, గొట్టం మనుషులు పడుకునే వైపు కాకుండా గోడ వైపు ఉండేలా చూసుకోండి. పక్క గదిలో ఆ గోడకు ఆనుకుని పిల్లల మంచం ఉంటే వేరే దిక్కు చూడండి.

లోడ్ చేసి పెట్టాలా వద్దా? అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ మాట స్పష్టం: పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికన్నా క్షేమం, ఉంటే ఖాళీ చేసి తాళం వేయాలి, తూటాలను వేరేచోట వేరే తాళంలో పెట్టాలి. పగలంతా నేను దాన్నే పాటిస్తాను. పిస్టల్ పెద్ద సేఫ్‌లో, తూటాల మ్యాగజైన్ ఇంకో తాళంలో. రాత్రి తలుపులు వేశాక మంచం దగ్గరి పెట్టెలోకి వస్తుంది. అప్పుడు మ్యాగజైన్ పిస్టల్‌లోనే ఉంటుంది, చాంబర్ (పేలడానికి తూటా వచ్చి కూర్చునే చోటు, గొట్టం వెనక భాగం) మాత్రం ఖాళీ. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లోనే, అంటే పిస్టల్ ఒరలోనే ఉంటుంది. హోల్‌స్టర్‌తో సహా తీస్తాను, హోల్‌స్టర్‌తో సహా పెడతాను. రోజూ చాంబర్‌లోకి తూటా ఎక్కించడం, దించడం పెట్టుకుంటే ప్రమాదం అక్కడే జరుగుతుంది.

కొత్తవాళ్లు ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు, చాంబర్‌లో ఒక తూటా మిగిలిపోవచ్చు. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) వెనక్కి లాగి చాంబర్‌ను కంటితో చూసి, చీకటైతే వేలితో తడిమి, అప్పుడే ఖాళీ అనుకోవాలి. రివాల్వర్‌కు ఈ ఖాళీ చాంబర్ పద్ధతి వర్తించదు, అది లోడ్ అయి ఉంటే ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది. ఇంకో సంగతి, లోడ్ అయిన తుపాకీకి ట్రిగ్గర్ లాక్ (ట్రిగ్గర్ చుట్టూ బిగించే తాళం) వేయకూడదు. బిగించేటప్పుడే ట్రిగ్గర్ కదిలి పేలవచ్చు. అది ఖాళీ తుపాకీకి అదనపు జాగ్రత్త మాత్రమే.

తాళం ఎంత మంచిదైనా స్పేర్ తాళంచెవి ఎక్కడ ఉందన్న దాన్ని బట్టే దాని విలువ. తలుపు వెనక మేకుకో, బట్టల మధ్యో దాస్తే తొమ్మిదేళ్ల పిల్లాడికి పెట్టె, చెవి రెండూ దొరికినట్టే. మాది ఇంట్లోనే లేదు, నమ్మకమైన బంధువు దగ్గర ఉంది. కోడ్‌గా పుట్టినరోజులు, పెళ్లిరోజు, ఫోన్ నంబరు చివరి అంకెలు పెట్టకండి. పిల్లలు చూస్తుండగా తెరవకండి. ఎలక్ట్రానిక్‌దైతే ఏటా ఒకే తేదీన, అది పాడైనా కాకపోయినా, బ్యాటరీ మార్చేయండి. లోపల స్పాంజి తేమ పీల్చుకుంటుంది కాబట్టి సిలికా జెల్ సంచి ఒకటి పెట్టి, అప్పుడప్పుడు తీసి తుడిచి పలచగా నూనె రాయండి. తోలు హోల్‌స్టర్‌లో నెలల తరబడి ఉంచితే తుప్పు పడుతుంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇంట్లో ఎవరి మనసైనా బాగా కుంగిపోయి ఉంటే, ఉద్యోగం పోయి, పరీక్ష తప్పి, మనిషిని పోగొట్టుకుని, కారణం ఏదైనా సరే, ఆ సమయంలో పెట్టె, తాళం అని లెక్కలు వేయకండి. పిస్టల్‌ను ఇంట్లోంచే బయటికి పంపేయండి. చట్టం ఒప్పుకునే పద్ధతిలో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో పోలీసుల దగ్గరో డిపాజిట్ చేయండి. చావాలన్న ఆలోచన చాలామందిలో కొద్దిసేపే తీవ్రంగా ఉంటుంది, ఆ కొద్దిసేపట్లో చేతికి తుపాకీ అందితే బతికి బయటపడేవాళ్లు బహు తక్కువ. మా కుటుంబంలో ఒకరికి అలాంటి గడ్డుకాలం వచ్చినప్పుడు నేను అదే చేశాను, చాలా నెలలు తిరిగి తెచ్చుకోలేదు. ఆ మనిషి ఈరోజు మా మధ్య హాయిగా ఉన్నారు. మీకే అలా అనిపిస్తుంటే కోడ్ మార్చే పని నమ్మకమైన మనిషికి అప్పగించండి, డాక్టరుతో మాట్లాడండి.

పిస్టల్ కంటే ముందు చేతికి అందాల్సినవి టార్చిలైటు, ఫోను. టార్చి పిస్టల్‌కు బిగించినది కాకుండా విడిగా ఉండాలి, లేకపోతే ఎవరో చూడటానికి కూడా గొట్టం ఎక్కుపెట్టాల్సి వస్తుంది. పడకగది తలుపుకు మంచి గడియ, వరండాలో మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించుకుంటే మీకు నిమిషాలు కలిసొస్తాయి. అప్పుడు పెట్టె తెరవడానికి పట్టే సెకన్ల గురించి బెంగ ఉండదు. చప్పుడైతే మా ఇంట్లో పద్ధతి: ఒకరు పిల్లల గదిలోకి, ఒకరు పోలీసులకు ఫోను. ఇల్లంతా వెతుకుతూ తిరగడం లేదు.

ఊరెళ్లేటప్పుడు మంచం దగ్గరి పెట్టెలో ఏమీ వదలకండి, పెద్ద సేఫ్‌లోకి మార్చండి. బంధువుల పిల్లలు ఇంటికి వచ్చిన రోజుల్లో నేను రాత్రి కూడా బయటికి తీయను. మీ లైసెన్సు షరతుల్లో భద్రపరిచే పద్ధతి గురించి ఏం రాసి ఉందో ఒకసారి చదవండి, అవి నేను చెప్పినదాని కంటే కఠినంగా ఉంటే వాటినే పాటించండి. పెట్టె ఇంకా కొనకపోతే, కొని బిగించే దాకా పిస్టల్‌ను డీలరు దగ్గరే ఉంచేయండి.