రెస్టిక్ బ్యాకప్‌లోంచి ఒక్క ఫోల్డర్ మాత్రమే వెనక్కి తెచ్చుకోవాలంటే ఎలా?

మీరడిగింది ఇదే కదండీ: ఉబుంటు మెషీన్‌లో క్రాన్ (చెప్పిన టైముకి కమాండ్ నడిపేది) పెట్టి రోజూ రాత్రి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి బ్యాకప్ తీస్తున్నారు, ఇప్పుడు పోయిన నెల ఎలా ఉందో అలాంటి ఫోల్డర్ ఒకటి కావాలి, లోపల ఏముందో ఎలా చూడాలో తెలీదు, రీస్టోర్ కొడితే ఇప్పుడున్న ఫైళ్ల మీద రాసేస్తుందేమోనని భయం. భయపడాల్సిందే. టార్గెట్ (ఎక్కడికి తీయాలి అన్నది) దగ్గర ఉత్త స్లాష్ ఇచ్చారంటే నేరుగా పాత చోటికే వెళ్తుంది, అదే పేరుతో ఫైల్ వేరేగా ఉంటే దాని మీద రాసేస్తుంది, ఒక్క మాట కూడా అడగదు. అందుకని ఎప్పుడు తీసినా వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి తీయండి, తెరిచి చూసుకుని కావాల్సింది మీరే కాపీ చేసుకోండి.

(ఫోన్లో టైప్ చేస్తున్నా, కమాండ్ పేర్లు తెలుగులోనే రాసేస్తున్నా, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.)

అన్నిటికంటే ముందు మీ క్రాన్ స్క్రిప్ట్ తెరిచి అందులో ఫర్గెట్, ప్రూన్ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ పని అయ్యేదాకా ఆ లైను ఆపేయండి. ఫర్గెట్ అంటే స్నాప్‌షాట్‌ని (ఒక్కోసారి తీసిన బ్యాకప్‌ని) లిస్టులోంచి తీసేయడం, ప్రూన్ అంటే ఇక దేనికీ అక్కర్లేని డేటాని డిస్క్ మీద నుంచి నిజంగా చెరిపేయడం. కీప్ డైలీ ఏడు (రోజుకొకటి చొప్పున ఏడు ఉంచు) అని ఒక్కటే పెట్టుకున్నవాళ్లకి పోయిన నెలది అసలు మిగలదు, అది ఈ రాత్రి తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలిస్తే మంచిది.

నేను విజయవాడలో మా బావగారి డీటీపీ షాపులో సిస్టమ్స్ చూస్తుంటా. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. డిజైన్లన్నీ ఒక లినక్స్ బాక్స్ మీద సాంబా షేర్‌లో (నెట్‌వర్క్ ఫోల్డర్‌లో) ఉంటాయి, ఆపరేటర్లు విండోస్ నుంచి పేజ్‌మేకర్‌లోనో కోరెల్‌డ్రాలోనో తెరుచుకుంటారు. ఇలాంటి చోట డిస్క్ పోవడం అరుదు, రోజూ జరిగేది ఏంటంటే పాత కార్డు తెరిచి పేర్లు మార్చి సేవ్ యాజ్ బదులు సేవ్ కొట్టేయడం. తర్వాతెప్పుడో పార్టీ వచ్చి మా పెద్దమ్మాయి పెళ్లికి చేసిన కార్డే కావాలి, చిన్నమ్మాయికి కూడా అదే డిజైన్ అంటారు, తెరిస్తే ఫైల్ పేరు వీళ్లదే, లోపల మాత్రం ఇంకెవరిదో పెళ్లి. ఫైల్ పోలేదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. అందుకే మా దగ్గర డైలీ, వీక్లీతో పాటు మంత్లీ, ఇయర్లీ కూడా ఉంచుతాం. ఒకసారి ఉన్న డేటా ముక్కలనే రెస్టిక్ మళ్లీ మళ్లీ దాచదు కాబట్టి మారని ఫైళ్లకి అదనంగా పెద్ద జాగా పట్టదు.

ఇక వెతకడం. రెస్టిక్ స్నాప్‌షాట్స్ కొడితే ఐడీ, తేదీ, హోస్ట్ (మెషీన్ పేరు), పాత్‌తో లిస్టు వస్తుంది. చాలామంది ఐడీ బదులు లేటెస్ట్ అని ఇచ్చేస్తారు, ఒకే రిపోలోకి (రెస్టిక్ బ్యాకప్‌లు దాచే చోటు) రెండు మెషీన్ల బ్యాకప్ వెళ్తుంటే ఆ లేటెస్ట్ అవతలి మెషీన్‌ది అయ్యుండొచ్చు, హోస్ట్ ఆప్షన్ కూడా ఇవ్వండి. మీకు పాతది కావాలి కాబట్టి ఎలాగూ ఐడీయే వాడాలి.

ఏ తేదీదో గుర్తు లేకపోతే రెస్టిక్ ఫైండ్ ఉంది, నాకు బాగా ఇష్టమైన కమాండ్ ఇదే. పేరులో కొంత భాగం ఇచ్చి రెండు పక్కలా స్టార్ పెట్టి కోట్స్‌లో రాస్తే ఆ ఫైల్ ఏయే స్నాప్‌షాట్లలో ఉందో అన్నీ చూపిస్తుంది, లాంగ్ ఆప్షన్ ఇస్తే సైజు, మార్చిన తేదీ కూడా వస్తాయి, అవి ఎక్కడ మారాయో చూసుకుంటే మీద రాసేసింది ఎప్పుడో దొరికిపోయినట్టే, దానికి ముందు స్నాప్‌షాట్ తీసుకోవడమే. ఫైండ్ పేర్లలోనే వెతుకుతుంది, లోపలి మేటర్‌లో కాదు. మా వాళ్లకి లోపల వెతికినా ఒరిగేదేం లేదు లెండి, అను ఫాంట్లలో కొట్టిన పాత మేటర్ యూనికోడ్ కాదు, తెలుగులో వెతికితే ఏమీ తగలదు. అందుకే ఫైల్ పేరులోనే ఇంటిపేరు, ఊరు పెట్టమని బావగారు పోరుతుంటారు.

రెండు స్నాప్‌షాట్ల మధ్య ఏం మారిందో చూడాలంటే రెస్టిక్ డిఫ్, కొత్తవాటికి ప్లస్, పోయినవాటికి మైనస్, మారినవాటికి ఎమ్ అని వస్తుంది. ఫోల్డర్‌లో ఏమున్నాయో ఊరికే చూడాలంటే రెస్టిక్ ఎల్ఎస్. టెర్మినల్ చిరాకనుకుంటే రెస్టిక్ మౌంట్ వాడి మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుని చూడొచ్చు, రాయడం కుదరదు కాబట్టి చెడగొట్టే భయం లేదు, కాకపోతే ఆ టెర్మినల్ విండో మూయకూడదు, పైగా విండోస్‌లో మౌంట్ పనిచేయదు.

రీస్టోర్‌కి స్నాప్‌షాట్ ఐడీ, ఇన్‌క్లూడ్ అని ఫోల్డర్ పూర్తి పాత్, టార్గెట్ అని ఖాళీ ఫోల్డర్, ఇంతే. అయ్యాక టార్గెట్‌లో హోమ్ అని ఒక్క ఫోల్డర్ కనిపించి ఏమీ రాలేదని కంగారు పడకండి, రూట్ నుంచి మొత్తం పాత్‌ని మళ్లీ కడుతుంది, లోపలికి వెళ్తూ పోతే ఉంటాయి. రెస్టిక్ 0.16 వెర్షన్ నుంచి ఐడీ పక్కన కోలన్ పెట్టి పాత్ ఇస్తే ఈ తిప్పలు లేవు, నేరుగా ఆ ఫోల్డర్‌లోవే వస్తాయి. 0.17 నుంచి రీస్టోర్‌కి డ్రై రన్ కూడా వచ్చింది, ఏం రాస్తుందో ముందే చూడొచ్చు. ఒక్క ఫైలే కావాలంటే రెస్టిక్ డంప్ చాలు. క్రాన్ రూట్ యూజర్ (అడ్మిన్) కింద నడుస్తుంటే ఇవన్నీ ముందు సుడో పెట్టే కొట్టాలి.

వెర్షన్ ఎందుకు చెప్తున్నానంటే ఉబుంటు 22.04లో ఆప్ట్‌తో (ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్) వచ్చేది పాత 0.12. కంప్రెషన్ 0.14లో వచ్చింది, దాంతో రిపో ఫార్మాట్ కూడా మారింది. కొత్త వెర్షన్‌తో చేసిన రిపోని డిస్క్‌తో సహా ఇంకో మెషీన్‌కి పట్టుకెళ్లి అక్కడి పాత రెస్టిక్‌తో తెరవబోతే తెరుచుకోదు, డిస్క్ పాడైందని అనుకుంటారు.

చెకింగ్ సంగతి కూడా చెప్పేస్తా. రెస్టిక్ చెక్ మామూలుగా కొడితే లెక్కలు సరిపోయాయా లేదా అన్నదే చూస్తుంది, డేటాని చదవదు. రీడ్ డేటా సబ్‌సెట్ అని 5 శాతం ఇచ్చి వారానికోసారి నడపండి, పాత డిస్కులు ఇక్కడే దొరుకుతాయి. బ్యాకప్ కమాండ్ ఎగ్జిట్ కోడ్ (పని ముగిశాక ఇచ్చే నంబరు) 3 ఇచ్చిందంటే కొన్ని ఫైళ్లు చదవలేకపోయిందని, స్నాప్‌షాట్ మాత్రం తయారవుతుంది, లిస్టు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. క్రాన్ మెయిల్ వస్తుందిలే అని వదిలేయకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్) డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు చూస్తే పీజీడంప్ (డేటాబేస్ బ్యాకప్ తీసే కమాండ్) వెర్షన్ తేడా వల్ల బ్యాకప్‌లు ఫెయిలవుతూనే ఉన్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా రిజెక్ట్ అయ్యాయి. దాదాపు ఆరు గంటల డేటా పోయింది, మిగిలింది వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ దయ వల్ల.

పాస్‌వర్డ్ ఫైల్ అదే మెషీన్‌లో రూట్ కింద ఉంటే ఆ మెషీన్ పోయినరోజు అదీ పోతుంది, పాస్‌వర్డ్ లేకపోతే రెస్టిక్ రిపోని ఎవరూ తెరవలేరు, తయారు చేసినవాళ్లు కూడా. రెస్టిక్ కీ యాడ్‌తో రెండో పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

రెస్టిక్ వెర్షన్, రెస్టిక్ స్నాప్‌షాట్స్ రెండూ కొట్టి వచ్చింది కామెంట్‌లో పెట్టండి, మీకు కావాల్సిన ఫోల్డర్ పాత్ కూడా. చూసి కమాండ్ మొత్తం రాసిస్తా.