తెల్లవార్లూ సాగే నాటకాన్ని రికార్డు చేసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సింగరాయకొండ తిరునాళ్లలో నాటకం మొత్తం రికార్డు చేసే పని నీకు దొరికిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. మైకులు ఎక్కడ పెట్టాలో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఫైలు సంగతి మాత్రం చెప్పి తీరాలి.

48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల ధ్వని కొలతలు), 24 బిట్ (ఒక్కో కొలతకు), స్టీరియో (రెండు చానళ్లు) అంటే గంటకు 1 జీబీ పైచిలుకు. మామూలు వేవ్ (.wav) ధ్వని ఫైలుకు 4 జీబీలే హద్దు. ఫైలు మొదట్లో తన పొడవు రాసుకునే గడి 32 బిట్లది, అంతకు మించిన అంకె అందులో పట్టదు. రాత్రి పదికి మొదలుపెడితే రెండు దాటిన కాసేపటికి ఆ హద్దు వచ్చేస్తుంది. మన నాటకాల్లో అసలైన పద్యాలు అందుకునే వేళ అదే.

చాలా ఏళ్ల కిందట ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో నాకు ఇదే జరిగింది. 7 గంటల నాటకం. ఇంటికి వచ్చి తెరిస్తే 2 గంటల 51 నిమిషాలే కనిపించింది. హార్మోనియం వాయిస్తూ ఒక పెద్దాయన తెల్లవారుజామున పాడిన పద్యం అందులో లేదు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. కానీ డిస్కులో చూస్తే ఫైలు దాదాపు 7 జీబీలుంది. అంటే ధ్వని ఎక్కడికీ పోలేదు, పొడవు గడి నిండిపోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది.

ఆడాసిటీ అనే ధ్వని సవరించే సాఫ్ట్‌వేర్‌లో 'రా డేటా'గా, అంటే ఫైలు చెప్పే పొడవును పట్టించుకోకుండా ఉన్న బైట్లన్నిటినీ ధ్వనిగానే, దిగుమతి చేసుకునే చోట 24 బిట్, లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు వచ్చే వరస), 2 చానళ్లు, 48000 అని నేనే నింపాను. మొదటిసారి హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఒక్కో శాంపిల్‌కు (ఒక్కో ధ్వని కొలతకు) 3 బైట్లు, మొదలు ఒక్క బైటు పక్కకు జరిగినా గొంతు గొంతులా ఉండదు. ఫైలు తల, అంటే ధ్వనికి ముందు వివరాలు రాసుకునే భాగం, 44 బైట్లని గుర్తొచ్చి, ప్రారంభాన్ని 0 నుంచి 44కు మార్చాను. హార్మోనియం శ్రుతి పలికింది, దాని వెనకే ఆయన గొంతు. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు.

నువ్వు 8 మైకులు పెడుతున్నావట. అన్నిటినీ ఒకే ఫైలులోకి రాయిస్తే గంట దాటగానే హద్దు. ఒక్కో మైకును విడి మోనో ట్రాకుగా పెట్టుకో, గంటకు అర జీబీయే కనుక తెల్లవారే దాకా ఇబ్బంది ఉండదు. స్టీరియో కూడా కావాలంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ సెట్టింగుల్లో ఫైలు రకంగా ఆర్ఎఫ్64 గానీ వేవ్64 గానీ ఎంచుకో, వాటికి ఈ హద్దు లేదు. రాసే డిస్కు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే అక్కడా 4 జీబీల దగ్గరే ఆగుతుంది, ఎక్స్‌ఫ్యాట్ చేయించు. 96 కిలోహెర్ట్జ్ పెట్టమని ఎవరైనా చెబితే వినకు. ఫైళ్లు రెట్టింపవుతాయి, తిరునాళ్ల మైదానంలో నీకు దక్కేదేమీ లేదు.

కరెంటు పోతే పొడవు రాయకుండానే ఫైలు ఆగిపోవచ్చు. అప్పుడు కంగారుపడి చెరిపెయ్యకు, పైన చెప్పిన పద్ధతే దానికీ పనికొస్తుంది. అసలు ఫైలు మీద మాత్రం ఎప్పుడూ కత్తెర పెట్టకు, కాపీ తీసుకుని దాని మీదే పని చెయ్యి.

ఈలోగా ఇంట్లో ఒక రాత్రంతా ఫ్యాను చప్పుడునే 8 ట్రాకుల్లో రికార్డు చేసి, పొద్దున్నే ప్రతి ఫైలూ చివరి నిమిషం దాకా తెరుచుకుంటోందో లేదో చూడు. ఆదివారం ఒంగోలు వస్తాను, ఆ డిస్కు తీసుకుని రా.

మీ మామయ్య